బతుకమ్మ కింద బైబిలు

భాగ్యమ్మ చేసిన తప్పు ఒక్కటే. బతుకమ్మ తాంబాళం ఒరిగిపోతుంటే దాని కింద ఎత్తుగా తన బైబిలు పెట్టింది.

సకల జనుల సమ్మె రోజులవి. బడికి తాళం పడింది కాబట్టి అక్కడ వంట చేసే భాగ్యమ్మకూ పని లేదు. ప్రార్థన ముగించుకుని వస్తుంటే, కురవి రోడ్డు మీద ఆడవాళ్లు లారీలకు అడ్డంగా బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. తండా నుంచి వచ్చిన చాందీ ఆమె చెయ్యి పట్టి లాగింది. గుంతల రోడ్డు. తంగేడు పూల వరసలు కదిలాయి. ఆ క్షణాన చేతిలో ఉన్నది బైబిలే.

ఆట అయింది. బతుకమ్మను నీళ్లలో విడవడానికి తీసుకుపోయారు. బైబిలు మాత్రం లేవలేదు. భాగ్యమ్మ లాగింది. చాందీ లాగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు గడ్డపార వేసి చూసి, చెమట తుడుచుకుని వెళ్లిపోయారు. లారీలు దాన్ని తప్పించి పక్కనుంచి పోసాగాయి.

“అలిగిండు,” అన్నది చాందీ. “మీ దేవునికి అలుగుడు జర ఎక్కువ భాగ్యక్కా.”

పాస్టర్ కరుణాకర్ స్కూటర్ ఆపి వంగి చూశాడు. “రోషం గల దేవుడమ్మా. నిన్ను ఇంకొకరితోటి పంచుకోడు. ఇగ ఆ గుంపుల కలవనని మాటియ్యి.”

“కలవకుంటె నేను తెలంగాణదాన్నే కానంటరు అయ్యగారూ.”

“అది నువ్వు, ఆయన తేల్చుకోవాలె,” అని ఆయన స్కూటర్ ఎక్కాడు.

భాగ్యమ్మ రోడ్డు పక్కన కూలబడింది. ఆయన రోషం పూల మీదనా, తన గ్రంథాన్ని పీట చేసినందుకా? లోకాలు చేసినవాడికి తంగేడు పూలతో పోటీ ఏంది? ఎంతకూ తెగలేదు.

భర్త దుర్గయ్య సైకిల్ మీద వచ్చాడు. “కూర వండినవా?”

“పొయ్యి మీదున్నది.”

అతను వెళ్లిపోయాడు. ఇక్కడెందుకు కూర్చున్నావని అడగలేదు.

“పెండ్లయి ఇరవై రెండేండ్లాయె,” అంది భాగ్యమ్మ బైబిలుతో. “నేనెటు పోయిన అడిగినోడు లేడు. నువ్వొక్కనివే అడ్డం పడ్డవు. సరే, విను. ధర్నాకు పోత, నినాదమిస్త. బతుకమ్మ మాత్రం ఎత్తను, ఆడను. గంతకంటె నాతోని కాదు.”

చెయ్యి వేసింది. ఈసారి లేచి వచ్చింది. బైబిలు ఎప్పటి బరువే ఉంది.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా బతుకమ్మలతో అదే రోడ్డు మీదికి వచ్చింది. చాందీ చెయ్యి చాపింది. “ఇయ్యాల గూడ రావా? ఇయ్యాల మీ దేవుడేమనడులే!”

ఏమనడేమో. ఆ రోషం దేనిమీదో భాగ్యమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆట బయటే నిలబడి, అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టింది.