సంతకం చేసిన కీ

ఇంగ్లీషు గ్రామరులో నన్ను తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని ముప్పై ఏళ్లు విర్రవీగాను. గుమస్తా ఉద్యోగాల పరీక్షకి నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేసింది అందుకే. ఆ పరీక్ష మా చెల్లెలు కూడా రాస్తోందని పైవాళ్లకి చెప్పాల్సింది. చెబితే ఆ కుర్చీ నాకు దక్కదు. చెప్పలేదు.

చెల్లెలు మందుల కంపెనీలో పదేళ్లుగా నిలబడి పెట్టెలు కడుతోంది. సాయంత్రానికి కాళ్లు దిమ్మల్లా వాచిపోతాయి. "కూర్చుని చేసే పని ఒక్కటి దొరికితే చాలన్నయ్యా" అనేది. వయసు పరిమితి ప్రకారం ఆమెకిదే ఆఖరి అవకాశం. అందుకని ఆదివారాలు నేనే చదివించాను. జెరండుకీ ప్రెజెంట్ పార్టిసిపులుకీ తేడా దగ్గర తికమకపడితే, "రెంటికీ చివర ఐఎన్‌జీయే ఉంటుంది. ముందు తెలుగులో చెప్పుకో. 'ఈదడం మంచిది' అంటే ఈదడం ఒక పని పేరు, అది జెరండు. 'ఈదుతున్న చేప' అంటే ఎలాంటి చేపో చెబుతోంది, అది పార్టిసిపులు" అన్నాను. ఇట్టే పట్టేసింది.

పేపరు తయారు చేసిందీ నేనే. అందులో ఆ తేడా మీద పది వాక్యాలు, పది మార్కులు ఇచ్చాను. హడావిడిగా జవాబుల కీ తయారు చేస్తూ జెరండు, పార్టిసిపులు అని రెండు గడుల పైన రాసే పేర్లు తారుమారు చేశాను. చూసుకోకుండా సంతకం పెట్టాను.

దిద్దే హాల్లో నియమం ఒక్కటే: కీలో ఉన్నదే రైటు. మొదటిరోజే ఒక ముసలి మేష్టారు నా దగ్గరికొచ్చి, "సార్, ఈ పదింటికీ జవాబులు తిరగబడ్డట్టున్నాయి" అన్నారు నెమ్మదిగా.

నేను కీ వైపు చూడనైనా చూడలేదు. "తాతకి దగ్గులు నేర్పకండి. కీలో ఉన్నట్టు దిద్దండి" అన్నాను. ముసలాయనతో ఆ మాట! హాలంతా నవ్వింది. ఆయన వెళ్లి కూర్చుని, చెప్పినట్టే దిద్దారు.

ఇంటికెళ్లి చూసుకుంటే ఆయనదే రైటు. తెలిసి రాసినవాళ్లంతా మునిగారన్నమాట. మర్నాడు చెప్పేద్దామనే వెళ్లాను. తనిఖీకని విప్పిన మొదటి కట్టలోనే చెల్లెలి రాత కనిపించింది. పదికి పదీ సరిగ్గా రాసింది. పదింటి మీదా ఎర్ర ఇంటూలు. ఇప్పుడు కీ మారిస్తే చెల్లెలి కోసం మార్చాడంటారు. ఇది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతేమిటంటే, నవ్విన ఆ హాలు ముందు తప్పు నాదని ఒప్పుకోడానికి నాకు నోరు రాలేదు. కట్ట మళ్లీ కట్టేశాను.

ఆరు మార్కుల తేడాతో చెల్లెలికి ఉద్యోగం తప్పిపోయింది.

ఫలితాలొచ్చిన సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. బకెట్లో వేణ్నీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకు కూర్చుంది. పక్కన కూతురు ఇంగ్లీషు గ్రామరు హోంవర్కు చేసుకుంటోంది. చెల్లెలు మార్కుల కాగితం నా చేతికిచ్చింది.

"ఆ పదింటికీ సున్నా ఎలా వచ్చిందన్నయ్యా? నువ్వు చెప్పినట్టే రాశాననుకున్నానే."

"తిరగేసి రాసుంటావు."

"అంతే అయ్యుంటుంది. నువ్వు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టావు, నాకే బుర్ర లేదు." కళ్లు తుడుచుకుంది. "ఇంతకీ ఆ ఈదుతున్న చేప ఏమవుతుంది?"

నిజం చెబితే, తను రాసింది అదేనని ఆమెకి తెలిసిపోతుంది.

"జెరండు" అన్నాను.

కూతురు తలెత్తింది. "కాదు మామయ్యా, పార్టిసిపులు. మా టీచర్ చెప్పారు. ఇక్కడ కూడా అలాగే రాశాను."

"నోర్ముయ్యి" అని కసిరింది చెల్లెలు. "మామయ్య కంటే మీ టీచరుకి ఎక్కువ తెలుసా? చెరిపేసి మామయ్య చెప్పినట్టు రాయి."

పిల్ల రబ్బరు పట్టుకుని నా వైపు చూసింది. నేను తల ఊపాను.