చచ్చిన రాయి

ఎకార్ట్ ఉలి మీద సుత్తి వేశాడో లేదో, దగ్గు తన్నుకొచ్చింది. ఎర్ర దుమ్ము కలిసిన కళ్ళెను గుడ్డలోకి ఊసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

ముందున్నది ఎర్రరాతి స్తంభం తల. కింద గుండ్రం, పైన చదరం, మూలల్లో ఆకు మడతలు. కెథీడ్రల్ చూరు కింద వరసగా నిలబడ్డ పొట్టి స్తంభాల్లో ఒకటి వానకు పొడిగా రాలిపోతోంది. దాని బదులు ఇది. కుర్రతనంలో తూర్పు వైపు మొదలుపెట్టి, చుట్టూ తిరిగి వచ్చేసరికి అతను చెక్కిన రాళ్ళే అరుగుతున్నాయి. పునాదుల్లో రోమన్ల నాటి ఇటుకలు. పైన మనిషి నిలువంత మందం గోడలు. పనిశాల ఉత్తరం గోడను ఆనుకుని ఉంది. రోజంతా ఆ గోడ నీడ అతని వీపు మీదే.

ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనన్నాడు డాక్టరు. పని మానకపోతే ఇంకో చలికాలం దాటడట. ఉత్తరాన సముద్రం పక్కన ఎమ్డెన్‌లో అక్క ఇర్మా అతని కోసం గది సర్ది ఉంచింది. అడ్డం ఒక్కటే. గీత గీసి మొదలుపెట్టిన రాయిని వదిలి పోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. అది రాతిపనివాళ్ళ కట్టు. ఎకార్ట్ ఏనాడూ తప్పలేదు. మేస్త్రి లోథార్‌కి ఆ సంగతి తెలుసు. ఒక రాయి పూర్తవకముందే ఇంకోదాని మీద గీత గీయించేవాడు.

ఇవాళా వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"పడమటి వాకిలి సింహం మూతి ఊడింది ఎకార్ట్. నువ్వు తప్ప ఎవరున్నారయ్యా?"

"నన్ను పోనీ మేస్త్రీ."

"పోదువుగానిలే. సాయంత్రంలోగా ఒక్క గీత గీసి పెట్టు."

లోథార్ అటు తిరిగాడు. రాయి ఎటు చీలుతుందో ఎకార్ట్ చేతికి తెలుసు. అటే కొట్టాడు.

మూల ఊడి కాళ్ళ దగ్గర పడింది.

పనిశాలలో తలలన్నీ ఇటు తిరిగాయి. పక్క బల్ల దగ్గర చెక్కే హెడ్విగ్ కేక పెట్టింది.

"చచ్చింది! పెద్దాయన రాయి చచ్చింది! నా పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం లేదర్రా!"

పాడైన రాయికి వాళ్ళు అంత్యక్రియలు చేస్తారు. రాయిని చంపిన చేతికి ఆ ఏడాది చెక్కుడు పని ఉండదు. ఎకార్ట్ నమ్ముకున్నది అదే.

పాడె మీద రాయి, పైన నల్లగుడ్డ. కెథీడ్రల్ వెనక వంపు గోడ చుట్టూ తిప్పారు. చంపినవాడు తల వంచుకుని వెనక నడవాలి. నడిచాడు. జీవితంలో ఇదే మొదటిసారి. చెవులు కాలిపోయాయి.

"ఎంత మంచి రాయమ్మా, ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు!" హెడ్విగ్ ముక్కు చీదింది. అందరూ విరగబడి నవ్వారు.

లోథార్ నవ్వలేదు. రాయిని పూడ్చే గొయ్యి అంచున వంగి విరిగిన చోటు వేలితో తడిమాడు.

"చెయ్యి జారినవాడికే ఆ నియమం," అన్నాడు ఎకార్ట్ చెవి దగ్గర. "నీది జారలేదు. పొద్దున్నే సింహం మీద గీత గీస్తావు."

ఎకార్ట్ వంపు గోడ వైపు చూశాడు. అది కదిలి దగ్గరికొచ్చినట్టే ఉంది.

సాయంత్రం ఆనవాయితీ ప్రకారం చంపినవాడి ఖర్చు మీద బీరు. గీత గీసిన రాయి పొద్దున్న దాకా ఒక్కటీ లేదు. ఎకార్ట్ ఒక్క గుటక తాగి లేచాడు. లోథార్ చటుక్కున తలెత్తాడు.

"ఎక్కడికి?"

"గాలి పీల్చుకొస్తా మేస్త్రీ."

గ్లాసు కింది అట్టబిళ్ళ తీసి గ్లాసు మీద మూతలా పెట్టాడు. ఆ ఊళ్ళో అలా మూత పెట్టారంటే మనిషి తిరిగొస్తాడని అర్థం. ఎవరూ గ్లాసు తీయరు, కుర్చీ లాక్కోరు. లోథార్ అట్ట చూసి, నెమ్మదించి, కాళ్ళు చాపుకున్నాడు.

కిటికీ పక్కనున్న హెడ్విగ్‌కి కనిపించింది. ఎకార్ట్ ఏటి వైపు పోలేదు, స్టేషన్ వైపు మళ్ళాడు. ఆమె లోథార్‌ని చూసింది. కుర్చీ లాగి అతనికి కిటికీ కనబడకుండా అడ్డంగా కూర్చుంది.

"మేస్త్రీ, ఆ సింహానికి మీ మొహమే చెక్కిస్తే సరి. కాస్త కోపం తగ్గించి!"

బల్ల చుట్టూ నవ్వులు. ఉత్తరానికి పోయే రైలు వంతెన దాటిన చప్పుడు ఆ నవ్వుల్లో కలిసిపోయింది. ఎకార్ట్ గ్లాసులో నురగ అణిగిపోయింది. దాని మీది అట్టబిళ్ళను ఎవరూ ముట్టుకోలేదు.