రెండో టిన్ను

చేపల చెరువులో సున్నం చల్లుతుండగా గాలి ఎదురు తిరిగింది. కంట్లో సున్నం పడి ఇమ్మానుయేలు గట్టు మీద కూలబడ్డాడు.

"పసిపిల్ల తల్లినెవరినైనా పిలవండి. చనుబాలు పిండితే చల్లబడుద్ది," అంది అతని తల్లి కరుణమ్మ.

"చల్లబడితే చాలదండీ అత్తయ్యా. సున్నం బయటికి రావాలి."

ఎస్తేరు కూలీల మంచినీళ్ల టిన్ను లాక్కుంది. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, రెప్ప విడదీసి, ధారగా పోసింది. అతను కేకలు పెడుతూ చేతులు విసిరాడు.

"వదలవే! చంపుతావా వాణ్ణి?"

"నల్లగుడ్డు మీద పొర అద్దంలా ఉంటుందండీ. సున్నం ఉన్నంతసేపూ దాన్ని తింటానే ఉంటుంది."

సున్నం పలుకులన్నీ పోయేదాకా ఆమె చెయ్యి ఆగలేదు. టిన్ను ఖాళీ అయ్యాకే అతన్ని ఏలూరు ఆటో ఎక్కించింది.

"కన్ను దక్కింది. ముందు ఏం పోశారు?" అన్నారు డాక్టరుగారు.

"నీళ్లేనండి," అంది కరుణమ్మ, కోడలి వైపు చూడకుండా.

మళ్ళీ సున్నం చల్లే రోజున గట్టు మీద రెండు టిన్నులున్నాయి. దాహమేసిన కూలీ ఒకతను రెండోదాని మూత తీయబోయాడు. కరుణమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"అది తాగడానిక్కాదు. కళ్ళకి."