వీపున గుండీలు

కాకినాడ నుంచి వస్తూ చిన్నమ్మాయి మేనకోడలికి గౌను తెచ్చింది. గులాబీ రంగు, మెడ చుట్టూ లేసు, వీపున పైనుంచి కిందిదాకా ముత్యాల్లాంటి గుండీలు. పొట్ట దగ్గర జేబు చూసి తమ్ముడు ఉదయభాస్కర్ వేలు పెట్టబోయాడు. దూరలేదు. తిరగేసి చూస్తే లోపల సంచే లేదు, పైన మూత మాత్రం కుట్టారు. కడియం నర్సరీలో అంట్లు కట్టే అతనికి ఇదెందుకో అంతుపట్టలేదు.

అతని భార్య సత్యశ్రీ పిల్లకి గౌను తొడిగి ఉయ్యాల్లో వేసింది. కాసేపటికే పిల్ల ఏడుపు అందుకుంది. ఎత్తుకుంటే ఊరుకుంటుంది, పడుకోబెడితే మళ్ళీ మొదలు. పాలిచ్చినా, పొట్టకి ఆముదం రాసినా తగ్గలేదు. కడుపునొప్పేమోనని ఆసుపత్రికి బయల్దేరబోతూ గౌను మార్చారు. పిల్ల టక్కున ఊరుకుంది. వీపు మీద వరసగా ఎర్రటి గుంటలు.

చిన్నమ్మాయి మొహం చిన్నబోయింది. ముచ్చటపడి కొన్నానని, ఇలా అవుతుందని ఊహించలేదని నొచ్చుకుంది.

ఉదయభాస్కర్ గౌనుని చాప మీద బోర్లా పరిచి, చొక్కా విప్పి, గుండీల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఏం చేస్తున్నారని భార్య అడిగితే ఉండమని చెయ్యి ఊపాడు. కాస్సేపయ్యాక లేచి వీపు తడుముకున్నాడు.

"గులకరాళ్ళ మీద పడుకున్నట్టుందక్కా. నేనైతే పక్కకి దొర్లుతాను. దానికింకా దొర్లడం రాదు కదా."



"షాపులో బొమ్మకి తొడిగారురా. ఆ బొమ్మ నుంచునుంది," అంది చిన్నమ్మాయి నెమ్మదిగా.

గుండీలు ముందుకొచ్చేలా తిరగేసి తొడుగుదామంది సత్యశ్రీ. అలా తొడిగి చూశారు. పిల్ల ఏడవలేదుగానీ, పై గుండీ పట్టుకుని నోటి దగ్గరికి లాక్కోసాగింది. దాంతో చిన్నమ్మాయే కత్తెర అడిగి గుండీలన్నీ కోసేసింది. మెత్తటి పాత చీర అంచు చింపి, పసిపిల్లల జుబ్బాకి ఉండేలాంటి నాడాలు కుట్టింది. ఆ సాయంత్రం పిల్ల అదే గౌనులో హాయిగా నిద్రపోయింది.

తర్వాత ఒకసారి ఆ షాపుకి వెళ్ళినప్పుడు చిన్నమ్మాయి మరో గౌనుని బల్ల మీద పరిచి అరచేత్తో గట్టిగా నొక్కి చూసిందట. షాపతను ఏం చూస్తున్నారండీ అని అడిగితే సంగతంతా చెప్పిందట. అతను కూడా చెయ్యి ఆనించి నొక్కి చూశాడట.

"ఇన్నేళ్ళుగా అమ్ముతున్నానుగానీ, ఇది తట్టలేదండి," అన్నాడట.