అటక మీద అచ్చులు

చైనా సరుకు చవగ్గా దిగడం మొదలయ్యాక హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇనుము పోతపోసే గణపతిరావు ఫౌండ్రీకి ఆర్డర్లు ఆగిపోయాయి. ఏడాది చివరికి మూసేద్దామని ఇంట్లో చెప్పేశాడు.

పోత పోసిన ప్రతి భాగానికీ చెక్క అచ్చు దాచడం ఆయన అలవాటు. వైశాలి నగర్ ఇంటి అటక నిండా అవే.

"ఇవన్నీ ఏటి సేసుకుంటారు? పొయ్యిలో పెడితే నీళ్ళన్నా కాగుతాయి" అని భార్య గున్నమ్మ ముప్పై ఏళ్ళుగా దెప్పుతూనే ఉంది.

కోడలు నీలిమ వాటికి ఫొటోలు తీసి, 'పాత యంత్రాల భాగాలు, ఒక్కటి కావాలన్నా పోస్తాం' అని ఇంటర్నెట్‌లో పెట్టింది.

"ఒక్క చక్రం కోసం ఎవడొస్తాడే పిచ్చిదానా!" అని నవ్వాడు మామగారు.

ఆ ఫొటోలు చూసి కెన్యా నుంచి ఒక రైసుమిల్లు యజమాని వచ్చాడు. అతని పాత యంత్రంలో పళ్ళచక్రం విరిగింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వేలల్లో చేసేవాళ్ళెవరూ ఒక్కటే చెయ్యడానికి ఒప్పుకోలేదు. ఇక్కడి ఒక మిల్లుకి గణపతిరావు ఒకప్పుడు పోసిన అదే చక్రం అచ్చు అటక మీద ఉంది.

చక్రం పంపిన నెలకి అతను వీడియో కాల్ చేశాడు. గణపతిరావు ఫోన్ దగ్గరికి జరిగాడు. అక్కడెవరో స్విచ్ వేశారు. చక్రం తిరిగింది, బియ్యం జలజలా రాలాయి. తమ వైపు ఇలాంటి మిల్లులు ఇంకా పదకొండున్నాయని, అందరూ చక్రాలు అడుగుతున్నారని అతను అరిచి చెప్పాడు.

"మావయ్యా, మరి మూసేద్దామా?" అంది నీలిమ.

"చుప్! బట్టీ వెలిగించమని మేస్త్రీ మనోజ్‌కి ఫోన్ చెయ్యి."

గున్నమ్మ అప్పటికే స్టూలెక్కి, కొంగుతో అచ్చులు తుడుస్తోంది.