సారు గదిలో చాబి

ఏడో నెల కడుపుతో జూనియర్ అసిస్టెంట్ శ్వేత సారు గది గుమ్మంలో నిలబడి చాబి అడుగుతోంది. గోడ మేకుకు వేలాడుతున్న ఆ చాబి మా మండలాఫీసులో ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డిది. ఆడవాళ్లు వాడితే కంపు కొడుతుందని అధికారి దామోదర్ దానికి తాళం వేయించాడు. మగవాళ్లు ప్రహరీ వెనక్కి పోయి వస్తారు. ఆడవాళ్లం మేం మాత్రం ఆయన బల్ల ముందు నిలబడి, ఎందుకో నోరు తెరిచి చెప్పి, అడుక్కోవాలి. ఆ రోజు ఆయన ఫోన్‌లో నవ్వుతూనే, హైదరాబాద్ నుంచి వచ్చే పెద్దల కోసం కడిగించానని, వాళ్లు వెళ్లాక రమ్మని చెయ్యి విదిల్చాడు. ఇలాంటివాడికి రోజూ నమస్కారం పెడుతున్నామే అని ఒళ్లంతా చీదర పుట్టింది.

ఆ పెద్దలు వచ్చింది ఉద్యోగుల తృప్తిని కొలవడానికట. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, కొలువులో తృప్తిగా ఉన్నవాళ్లు చేతులెత్తమన్నారు. కుర్రవాళ్లలో ఒకటీ అరా చేతులు లేచాయి. వయసు మళ్లిన ఆడవాళ్లు మాత్రం అందరూ ఎత్తారు. వయసుతో పాటు ఆడవాళ్లకు తృప్తి పెరుగుతుందన్నమాట అని వాళ్లలో ఒక పెద్దాయన మురిసిపోయాడు. దామోదర్ వెంటనే అటెండర్ ఓదెమ్మను లేపి, ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు చెయ్యని మనిషి, ఆమె తృప్తి ఏమిటో వినండి అన్నాడు. వచ్చే నెలే ఆమె రిటైర్మెంట్. పెన్షన్ కాగితాల మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.

ఆ తృప్తి ఏమిటో మాకు తెలుసు. పొద్దున ఇల్లు దాటాక మా ఆఫీసు ఆడవాళ్లం చుక్క నీళ్లు ముట్టం. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఓదెమ్మ మొదట నేర్పేది అదే. మేం దాన్ని తెలివి అనుకున్నాం. శ్వేత కూడా అలాగే నేర్చుకుంది. బిడ్డకు మంచిది కాదని డాక్టరమ్మ తిట్టాకే ఆఫీసులో నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

ఓదెమ్మ శ్వేత వైపు చూసింది. ఆ పిల్ల కుర్చీ అంచు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ఏడుస్తోంది.

"నాకు తృప్తి యాడిది సారూ," అంది ఓదెమ్మ. "దూప సంపుకునుడు అలవాటైంది. మూత్రంల మంటతోని మానుకోట దవాఖాన సుట్టు తిరుగుతున్న. గీ పిల్లలకు గూడ గా రోగమే నేర్పిన. ఇగ నేర్ప."

ఆమె నేరుగా సారు గదిలోకి పోయి, చాబి తెచ్చి శ్వేత చేతిలో పెట్టింది.

దామోదర్ గొంతు తగ్గించాడు. "పెన్షన్ సంగతి యాదికున్నదా ఓదెమ్మా?"

"ఉన్నది సారూ. పిల్లను ముందుగాల పోయి రానియ్యి."

పెద్దల ముందున్న నీళ్ల సీసాను సీనియర్ అసిస్టెంట్ సరోజన అందుకుని గటగటా తాగి నాకిచ్చింది. అది చేతులు మారుతూ చివరి వరస దాకా పోయింది. అంతవరకు నవ్వుతూ చూసిన మా ఆఫీసు గుమాస్తా ఐలేశ్ తల దించుకుని, లేచి వెళ్లి ఓ బిందెడు నీళ్లు నింపుకొచ్చాడు.

సాయంత్రానికి ఓదెమ్మను సస్పెండ్ చేశారు. కబురు గార్ల దాకా, కొత్తగూడ దాకా పాకింది. తెల్లారి ఆ ఊళ్ల ఆఫీసుల ఆడవాళ్లు సెలవు పెట్టి, నీళ్ల సీసాలు పట్టుకుని బస్సులు దిగారు. కొత్త తాళంతో దామోదర్ పంపిన మనిషికి మరుగుదొడ్డి దాకా దారి దొరకలేదు. మేమంతా ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చుని నీళ్లు తాగుతున్నాం.

పోలీసులు వచ్చి, ముందు వరసలో కూర్చున్న ఓదెమ్మను లెమ్మన్నారు. ఆమె లేవలేదు. వెనక్కి తిరిగి, ఇంకో గ్లాసు పొయ్యమంది.