సిద్దిరాములు ఎత్తు

యాదవ్వ కుడిచేతికి పిచ్చి పట్టిందని సాంచల షెడ్డులో అందరూ అనుకునేవాళ్లు. అనుకోరా మరి? ఖాళీగా ఉన్న చోట ఎవరో నిలబడ్డట్టు చేయి చుట్టు తిప్పి పోనిచ్చేది.

ఆ చోటు ఆమె మొగుడు సిద్దిరాములుది. చొప్పదండిలోని ఆ షెడ్డులో ఆయన కరెంటు మగ్గం, అదే సాంచ, మీద గుడ్డ నేసేవాడు, ఆమె వెనకే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. నిండిన కండెలు వేసే డబ్బా ఆయనకు అవతల, గుంజకు వేలాడేది. సందేమో ఇరుకు, మధ్యలో తాడిచెట్టంత మనిషి. "తాకకే, పోగుల మీద నిగ తప్పుతది" అని కసిరేవాడు. అందుకని ఆమె లేచి, భుజమెత్తి, ఆయన మెడ పక్కనుంచి మోచేయి మడిచి, మణికట్టు కిందికి తిప్పి కండెను డబ్బాలోకి జారవిడిచేది. ఏళ్ల తరబడి అదే పని. అటు చూసేది కూడా కాదు, అయినా ఆయన చెవి అంచైనా తగిలేది కాదు.

ఎండాకాలంలో ఆయన గుండె పట్టుకుని అక్కడే కూలాడు. కరీంనగర్ దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆయన సాంచ ఆగింది. పక్క సాంచకు కూడా కండెలు ఆ డబ్బాలోంచే పోవాలి గనక యాదవ్వ పని ఆగలేదు. చేతి వంపూ ఆగలేదు.

"గాడ ఎవలున్నరు వదినె? సీదా పెట్టరాదు?" అన్నాడు పక్క సాంచ రాంచందర్.

ఒకసారి ప్రయత్నించింది. చేయి సగం దాకా పోయి దానంతటదే మడతపడింది. యాదవ్వ చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. ఆ వెనకే, దాచడమెందుకు, సంతోషం ముంచుకొచ్చింది. మనిషి ఇంట్లో లేడు, దండ వేసిన ఫోటోలో లేడు, ఇక్కడున్నాడు! ఆ నమ్మకంతోనే రోజూ షెడ్డుకు వచ్చేది.

వానాకాలంలో షెడ్డు యజమాని సేటు ఆ సాంచకు నరేశ్‌ను పెట్టాడు. దుబాయి నుంచి తిరిగొచ్చిన పొట్టి మనిషి. యాదవ్వ చేయి అతని నెత్తికి ఎంతో పైనుంచి పోయేది.

"గంత మీదికెల్లి ఎందుకక్కా, తిప్పలు? పక్కకెల్లి పెట్టు, నేను జరుగుత."

"నీ పని నువ్వు జూస్కో" అని కొట్టినట్టు చెప్పింది. మంచిగా మాట్లాడేవాడి మీద కోపం నిలుపుకోవడం ఎంత కష్టమో!

దసరా దాటాక ఒక మధ్యాహ్నం, కరెంటు కోతల గురించి రాంచందర్‌తో మాట్లాడుతూనే కండె వేసి వచ్చి కూర్చుంది. కూర్చున్నాక గాని గుర్తించలేదు. చేయి కిందినుంచి పోయింది. నరేశ్ భుజం పక్కగా, సిద్దిరాములు రొమ్ము ఉండాల్సిన చోటునుంచే దూసుకుపోయింది. ఏమీ తగల్లేదు. ఎవరూ కసరలేదు.

గబాల్న లేచి ఆ కండెనే మళ్లీ తీసింది. భుజమెత్తింది. ఆయన మెడ ఎక్కడిదాకా వచ్చేది? ఇంకా పైనా? కొంచెం కిందా? చేయి గాలిలో వెతుకుతోంది గానీ, దారి దొరకడం లేదు.

సాంచల మోతలో యాదవ్వ బావురుమంది. "యాడున్నవయ్యా? జర జెప్పు, నీ మెడ యాడున్నదయ్యా?"

తననే అడిగిందనుకుని నరేశ్ పక్కకు ఒదిగి, ఆమె చేతికి అడ్డం రాకుండా మెడ వంచాడు.